దళం అడవికి వచ్చినప్పుడు గూడెం ఏమైంది?



పోయిన సెప్టెంబర్ 17 నాడు మా హాస్టల్ల పెద్ద లొల్లి అయింది. ఒకడు విమోచన అన్నడు, ఒకడు విలీనం అన్నడు, ఇంకొకడు విద్రోహం అన్నడు. నేను ఒక్కటే అడిగిన: "అప్పుడు మన ఆదివాసులు ఎక్కడున్నరు?" ఒక సీనియర్ అన్న నవ్వి, "మనకు కొమురం భీం ఉన్నడు కదరా, సాయుధ పోరాటం మైదానపు రైతులది" అన్నడు. నాకు జవాబు రాలేదు. అప్పటి నుంచి దొరికిన పుస్తకాలు చదువుతున్న. చదివింది ఇక్కడ రాస్తున్న. మాది కాసిపేట మండలంల ఒక గూడెం, బాపు బాయిల కాంట్రాక్టు పనికి పోతడు, మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. తప్పులుంటే అన్నలు, అక్కలు దిద్దాలె.

ముందు ఆ రాజ్యం గురించి. 1911 నుంచి 1948 దాకా హైదరాబాద్ సంస్థానాన్ని ఏలింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆయనను దించే ఓటు ప్రజలకు లేదు. మీటింగ్ పెట్టుకోవాలంటే ముందే అనుమతి కావాలె. ఊళ్లల్ల దేశ్‌ముఖులు, జాగీర్దార్లు చెప్పిందే చట్టం. వెట్టి చాకిరి, నాగువడ్డీ, బేదఖళ్లు. మన దిక్కు ఇంకో బాధ ఉండె. అడవిని రిజర్వ్ చేసి పోడు కొట్టనియ్యలే, పశువులు మేపితే పన్ను. దాని మీదనే భీం లేచిండు, 1940ల జోడేఘాట్ దగ్గర పోలీసు తూటాలకు చనిపోయిండు. ఆయన వెనుక ఏ పార్టీ లేదు, గోండు, కోలాం గూడేలే ఉండె.

మైదానంలో మాత్రం పార్టీ ఉంది. 1930లో మొదలైన ఆంధ్ర మహాసభ మొదట్లో వినతిపత్రాలు ఇచ్చే సంస్థ. 1944 భువనగిరి సభతో అది కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. పల్లెల్లో జనం దాన్ని "సంఘం" అన్నారు, చేతుల్లో కర్రలుంటాయి కాబట్టి "గుత్పల సంఘం" అని కూడా అన్నారు. 1946 జులై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తూటాకు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ ఏడాది చివర్లో నిజాం సర్కారు కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

అవతలి పక్క కూడా ఒక పార్టీకి సాయుధ దళం ఉంది. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీ కింద పనిచేసిన రజాకార్లు. నాయకుడు లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ. సర్కారు అండతో, చాలాచోట్ల దొరల అండతో ఊర్లు దోచారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జనాన్ని కాల్చి చంపారు. కానీ దీన్ని ముస్లింల మీద కోపంగా చదవొద్దు. పోరాటానికి పిలుపునిచ్చిన మఖ్దూం ముస్లిమే. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు ఆ ఆగస్టులోనే హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. పోలీసు చర్య తర్వాత అమాయక ముస్లింలను ఎట్లా చంపారో నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది.

ఇప్పుడు దళాలు ఎట్లా పనిచేశాయో చూద్దాం. ఊర్లో ఉండి కాపలా కాసేవి గ్రామ రక్షక దళాలు. ఇల్లు వదిలి తిరిగేవి గెరిల్లా దళాలు. మొదట ఆయుధాలంటే వడిసెల, కర్ర, కారంపొడి. తర్వాత గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్న తుపాకులు. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన లెక్క ప్రకారం రక్షక దళాల్లో 10 వేల మంది, గెరిల్లా దళాల్లో 2 వేల మంది. సుమారు 3 వేల ఊర్లలో గ్రామరాజ్యాలు ఏర్పడి, 10 లక్షల ఎకరాలు పంచారు. ఇవి పార్టీ లెక్కలని గుర్తుంచుకోవాలె. దొరకు మిగిల్చే భూమికి మొదట 500 ఎకరాల హద్దు పెట్టి, చివరికి ఖుష్కి 100, తరి 10 ఎకరాలకు దించారు.

నాకు అర్థమైందేందంటే, దళం బలం తుపాకీల లేదు. భూమి దొరికిన రైతు దళానికి అన్నం పెట్టిండు, పోలీసు వస్తుంటే కబురు చెప్పిండు. ఆ అన్నం, ఆ కబురు ఉన్నన్ని రోజులు దళం నిలబడ్డది.

సీనియర్ అన్నకు మొదటి జవాబు ఇక్కడే ఉంది. ధర్మాపురం తండాలో జాటోత్ ఠాణు నాయక్, ఆయన అన్నదమ్ములు సాగు చేసుకున్న భూమి కోసం దొరలతో కొట్లాడి, సంఘంలో నిలబడి ప్రాణాలిచ్చారు. మన గ్రూపుల ఎస్టీ జాబితా మీద ఎన్ని గొడవలున్నా ఆ చరిత్రను చెరపలేం.

రెండో జవాబు కష్టమైంది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. రజాకార్లు లేకుండా పోయారు. కానీ సైన్యం దళాల మీదికి తిరిగింది, పారిపోయిన దొరలు కొందరు వెనక్కి వచ్చారు. ఆపుదామని రావి నారాయణరెడ్డి వంటివాళ్లు, సాగిద్దామని సుందరయ్య వంటివాళ్లు. పార్టీల చీలిక వచ్చింది. మైదానంలో దాక్కునే చోటు లేక దళాలు అడవికి కదిలాయి. పాల్వంచ, ఇల్లందు, ములుగు దిక్కు కోయ గూడేలకు, అటు నల్లమలలో చెంచు పెంటలకు వచ్చాయి. మల్లు స్వరాజ్యం "రాజక్క" పేరుతో కోయల మధ్య పనిచేసింది ఆ కాలంలోనే. ఆమె తల మీద 10 వేల రూపాయల వెల ఉంది.

కోయలు ఉత్తగనే అన్నం పెట్టలేదు. ఫారెస్టోళ్ల మామూళ్లు, వెట్టి, షావుకార్ల దోపిడి దళం వచ్చినంక తగ్గాయి. కానీ సైన్యానికి కూడా ఒక సంగతి తెలిసింది: దళాన్ని వెతుకుడు కన్నా దానికి అన్నం పెట్టే గూడేన్ని లేకుండ చేసుడు సులువు. అడవి లోపలి గూడేలను ఖాళీ చేయించారు, గుడిసెలు తగలబెట్టారు, జనాన్ని తెచ్చి క్యాంపుల్లో కుక్కారు. అక్కడ తిండి చాలక, రోగాలొచ్చి ఎంతోమంది చనిపోయారని సుందరయ్యే రాశారు. అదే కాలంలో, 1950 నుంచి, మలయాలో బ్రిటిష్ వాళ్లు కూడా గెరిల్లాలకు అన్నం అందకుండా సుమారు 5 లక్షల మందిని కంచెల ఊర్లలోకి తరలించారు. వాళ్లు తెల్లదొరలు. ఇక్కడ చేసింది కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన మన సర్కారు.

1951 అక్టోబర్‌లో పార్టీ పోరాటం విరమించింది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ మెజారిటీతో గెలిచారు. నాయకులకు జైలు తర్వాత అసెంబ్లీ ఉండె. క్యాంపు నుంచి వచ్చిన కోయ మనిషికి? కాలిపోయిన గుడిసె, మళ్ల అదే ఫారెస్టోళ్లు.

మరి మన ఆదిలాబాద్ ఎందుకు ఆ పోరాటానికి కేంద్రం కాలేదు? ఇది నా ఆలోచన మాత్రమే. భీం చనిపోయినంక భయపడ్డ సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943ల మార్లవాయిలో గోండు పిల్లలకు బడి పెట్టారు, గూడేలకు పట్టాలిచ్చారు. అంటే భీం రక్తం వల్ల ఇక్కడ ఎంతో కొంత భూమి ముందే వచ్చింది. ఆ పట్టాలల్ల ఎన్నో తర్వాత బయటోళ్ల చేతుల్లోకి పోయినయి. అందుకే 1959 భూ బదలాయింపు చట్టం, 1/70 వచ్చినయి. మా మండలంల బొగ్గు బాయిలున్నయి, సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. మా తాత దున్నిన చెల్క మాత్రం ఇప్పుడు మా చేతుల లేదు.

నేను దళాలను తక్కువ చేస్తలేను. వెట్టిని ఊడబెరికింది వాళ్లే. నియంత దగ్గర దరఖాస్తు పెట్టుకుంటే వెట్టి పోయేది కాదు. నా మాట ఒక్కటే. ఏ పార్టీ సాయుధ చరిత్ర చదివినా "తుపాకీ ఎవరు పట్టిండ్రు" అని అడిగి ఆగొద్దు. "అన్నం ఎవరు వండిండ్రు, దళం పోయినంక ఆ వండినోళ్లకేమైంది, భూమి చివరికి ఎవరి పేరు మీద ఉంది" అని కూడా అడగాలె. స్తూపాల మీద దళం పేర్లుంటయి, క్యాంపుల చచ్చిపోయిన కోయ ముసలవ్వ పేరు ఉండదు.

ఖమ్మం, కొత్తగూడెం, ములుగు దిక్కు తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ గూడెంల ఎనభై, తొంభై ఏండ్ల పెద్దోళ్లు ఇంకా ఉంటే ఈ దసరా సెలవులల్ల కూసోని అడగండి. "మిలిట్రీ వచ్చినప్పుడు మనల్ని ఎక్కడ పెట్టిండ్రు?" అని. కోయల చెప్తే కోయలనే రాసుకోండి. వాళ్లు పోతే మళ్ల ఎవరినీ అడగలేం.

జై సేవా. జోహార్ కొమురం భీం.