పేలుడు పదార్థాల కాలుష్యం: భూగర్భ జలాల జీవశుద్ధి

పేలుడు పదార్థాలు ఇంకిన భూగర్భ జలాన్ని నేలలో సహజంగా ఉండే బ్యాక్టీరియాతో బాగుచేసే పద్ధతిని జీవశుద్ధి అంటారు. ఈ కాలుష్యంలో ప్రధానమైనవి టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్. టీఎన్‌టీని జర్మన్ రసాయనవేత్త యూలియస్ విల్‌బ్రాండ్ 1863లో తయారుచేశాడు. ఆర్‌డీఎక్స్ ఆ శతాబ్దం చివర్లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో రెండింటి వాడకమూ బాగా పెరిగింది.

టీఎన్‌టీ చాలావరకు మట్టిని పట్టుకుని ఉంటుంది. ఆర్‌డీఎక్స్ మట్టికి అంతగా అంటదు. నీటితోపాటే దిగి బావులను చేరుతుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒకప్పుడు ఉన్న యుమటిల్లా ఆయుధ గిడ్డంగి ఇందుకు ఉదాహరణ. అక్కడ 1950, 60లలో పాత బాంబులను వేడినీటితో కడిగి, దాదాపు 32 కోట్ల లీటర్ల కడుగునీటిని అడుగున ఏ పూతా లేని రెండు గుంటల్లోకి వదిలారు. టీఎన్‌టీ కలిసిన కడుగునీరు ఎండ తగిలితే గులాబి రంగుకు తిరుగుతుంది. ఆర్‌డీఎక్స్ కలిసిన నీటికి అలాంటి గుర్తేమీ ఉండదు.

గాలి తగలని మురుగు మడ్డిలోని సూక్ష్మజీవులు ఆర్‌డీఎక్స్‌ను విడగొడతాయని అమెరికా సైనిక ప్రయోగశాల పరిశోధకులు 1981లో ప్రకటించారు. 1990లలో యుమటిల్లా మట్టిని పశువుల ఎరువు, ఆలుగడ్డల వ్యర్థాలతో కుప్పపోసి కంపోస్టు చేశారు. నీటిని మాత్రం పైకి తోడి, ఉత్తేజిత కర్బనం గుండా వడకట్టసాగారు. కర్బనం విషాన్ని పట్టి ఉంచుతుందే తప్ప నాశనం చేయదు. 2002లో బ్రిటన్ పరిశోధకులు రోడోకాకస్ అనే నేల బ్యాక్టీరియాలో ఆర్‌డీఎక్స్‌ను ఛేదించే జన్యువును గుర్తించారు. ఈ బ్యాక్టీరియా ఆర్‌డీఎక్స్ అణువు నుంచి నైట్రైట్‌ను ఊడదీస్తుంది. దాంతో అణువులోని వలయం విచ్చుకుంటుంది, అందులోని నత్రజని బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. 2010ల్లో యుమటిల్లా బావుల్లోకే చక్కెర ద్రావణం, ఎంపిక చేసిన బ్యాక్టీరియా ఎక్కించి, నీరు ఉన్నచోటే శుద్ధి చేసే పద్ధతిని పరీక్షించారు. కొన్ని ఇతర చోట్ల మొలాసిస్, వంటనూనె కూడా బ్యాక్టీరియాకు మేతగా వాడారు.

ఈ పద్ధతికి నేల తీరు కూడా ముఖ్యం. తెలంగాణలో ఆలేరుకు దగ్గరలోని పెద్దకందుకూరులో పేలుడు పదార్థాల కర్మాగారం ఉంది. ఈ ప్రాంతపు భూగర్భంలో ఉన్నది గ్రానైట్, నైస్ రాయి. నీరు ఇసుకలో పరుచుకున్నట్టు ఇక్కడ పరుచుకోదు. రాతి పగుళ్ల వెంట పారుతుంది. పక్కపక్కన వేసిన రెండు బోర్లలో ఒకటి నీళ్లిచ్చి మరొకటి ఎండిపోవడానికి కారణం ఇదే. ఎక్కించిన మేత కూడా ఆ పగుళ్ల దారినే పోతుంది. ఇలాంటి నేలలో జీవశుద్ధి చేపట్టాలంటే ముందు పగుళ్ల జాడ తెలియాలి, తర్వాత ఏళ్ల తరబడి బోరు నీటిని పరీక్షిస్తూ ఉండాలి. బ్యాక్టీరియా విరుగుడు మాత్రమే. కడుగునీరు నేలలోకి దిగకుండా ఆపడమే అన్నిటికన్నా మేలైన రక్షణ.