గుర్తుంచుకునే బాధ్యత ఎవరిది? కంచికచర్ల, చుండూరు, అమలాపురం

2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లా విడిపోయి తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లాకు ఒక నాయకుడి పేరు పెట్టినందుకు తిరువూరులో ఎవరి ఇల్లూ తగలబడలేదు. యాభై రోజుల తర్వాత, మే 24న, అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పుపెట్టారు. అదే పునర్విభజనలో ఏర్పడిన కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద చెలరేగిన అల్లర్లు అవి.

పాత గాయాలు కెలికితే కక్షలు పెరుగుతాయనీ, మరిచిపోతేనే ఊరు చల్లగా ఉంటుందనీ మన పల్లెల్లో పెద్దమనుషులు చెబుతుంటారు. అమలాపురం ఈ మాటకు ఎదురు నిలుస్తుంది. అక్కడ హింసకు దిగినవాళ్లు అంబేడ్కర్‌ను తలుచుకున్నవాళ్లు కారు. ఆ తలపు జిల్లా మొత్తానిది కావడాన్ని ఓర్వలేనివాళ్లు. స్మృతికీ హింసకూ ఉన్న సంబంధాన్ని ఈ వైపు నుంచి చూడాలన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

తిరువూరు ఉన్న జిల్లాలోనే కంచికచర్ల ఉంది. 1968 ఫిబ్రవరిలో అక్కడ కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపంతో సజీవంగా తగలబెట్టారు. ఆ పేరు ఈనాటికీ బతికి ఉందంటే అది దళిత ఉద్యమం, దళిత సాహిత్యం చేసిన పని. కంచికచర్లకే చెందిన కవి కలేకూరి ప్రసాద్ ఆ నాటికి పసివాడు. పెద్దయ్యాక ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవితలో కోటేశునూ, దళితుల ఊచకోత జరిగిన కారంచేడునూ ఒకే గొంతులోకి తెచ్చాడు. కళ్లారా చూడనిదాన్ని తనదిగా మోయడం ఆ కవికి తప్పలేదు. అదే ఊళ్లో, మరో వీధిలో పుట్టిన పిల్లవాడికి ఆ బరువు ఎందుకు లేదు?

ఇజ్రాయెల్ తత్వవేత్త అవిషాయ్ మార్గలిట్ 2002లో వెలువడిన తన గ్రంథం ‘ది ఎథిక్స్ ఆఫ్ మెమరీ’లో, గుర్తుంచుకునే బాధ్యత ప్రధానంగా దగ్గరి సంబంధాల్లో పుడుతుందని వాదించాడు. కుటుంబం, స్నేహం, సమాజం ఆ కోవలోవి. పరాయివాళ్ల పట్ల మనకుండే నైతికత వేరు అన్నాడు. తెలుగు పల్లె ఈ విభజనలో ఇమడదు. తరతరాలుగా ఒకరి చాకిరీతో మరొకరి గాదె నిండింది. ఇళ్లు మాత్రం ఊరూ వాడా అంటూ విడిగానే ఉన్నాయి. ఈ సంబంధాన్ని పని ఉన్నప్పుడు దగ్గరిదనీ, బాధ్యత వచ్చినప్పుడు దూరపుదనీ లెక్కవేయడం అన్యాయం.

ఆ అన్యాయాన్ని అందరికంటే సూటిగా ప్రశ్నించినవాళ్లు చుండూరు దళితులు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగవు సాంఘిక బహిష్కరణగా ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. వాడ శ్మశానం ఎప్పుడూ ఊరికి దూరంగానే ఉంటుంది. కానీ ఈ మృతులను ఊరి నడిబొడ్డున పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరుపెట్టారు. సంతాపం తెలపడంతో ఆగిన పని కాదది. ఊళ్లో నడిచే ప్రతి ఒక్కరూ ఆ సమాధులను చూసి తీరాలని చేసిన నిర్ణయం.

న్యాయస్థానం ఈ స్మృతిని మరోలా తూచింది. చుండూరులోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మరణాల కచ్చితమైన సమయం, స్థలం, దాడి చేసినవాళ్లెవరన్నది రుజువు కాలేదన్నది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ప్రాణభయంతో పొలాలకు అడ్డంపడి పరిగెత్తిన మనిషి, దశాబ్దానికి పైగా గడిచాక, ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందో తడబడకుండా చెప్పాలి. చంపినవైపు వాళ్లు మాత్రం ఏదీ గుర్తుచేసుకోనక్కర్లేదు. నేర విచారణకు రుజువు కావాల్సిందే, కాదనను. అయితే గుర్తుంచుకునే కష్టమంతా బాధితుల నెత్తిన పెట్టి, వాళ్ల తడబాటునే వాళ్ల మీదకు తిప్పడం హింసకు కొనసాగింపే.

పాత గాయాలు కెలకొద్దన్న మాట అన్ని గాయాలకూ వర్తించదు. పల్నాటి యుద్ధాన్ని కారంపూడిలో ఏటా కార్తీకంలో అయిదు రోజులు తలుచుకుంటారు. వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. మాల కన్నమదాసూ ఆ వీరుల్లో ఒకడు. దాన్ని గాయాలు కెలకడం అని ఎవరూ అనరు. పన్నెండో శతాబ్దపు ఆ నెత్తురుకు ఇప్పుడు ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. కోటేశు విషయంలో ఆ వెసులుబాటు లేదు.

1968లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై అయిదు దాటారు. మౌఖిక చరిత్ర సేకరించే పరిశోధకులు దళితవాడకు వెళ్లడం సహజం. వెళ్లాలి కూడా. అయితే కంచికచర్లలో ముందుగా తట్టాల్సినవి రెండో వైపు, అంటే ఊరి వైపు తలుపులు. ఆ రోజు మీరెక్కడున్నారు, ఏం చూశారు, ఇంట్లో పిల్లలకు ఏమని చెప్పారు అని అడిగి, వాళ్లు చెప్పిందీ చెప్పననిందీ రెండూ రాసిపెట్టాలి.