ఢిల్లీ తివాచీలు, తక్కువ తడి: ఫరాష్‌ఖానా నుంచి రోటరీ యంత్రం దాకా

తివాచీని శుభ్రం చేసే యంత్రాన్ని ఎంచుకోవడం పైకి మురికి గురించిన ప్రశ్నగా కనిపిస్తుంది. ఢిల్లీ పరిసరాల్లో ఈ వృత్తి నడిచిన తీరును గమనిస్తే మాత్రం అది మొదటినుంచీ తడి గురించిన ప్రశ్నేనని, ఎంత నీరు వాడవచ్చు, వాడిన నీరు ఎంతసేపట్లో ఆరుతుంది అన్న రెండు లెక్కలే పనివారి చేతిలోని సాధనాన్ని నిర్ణయించాయని తేలుతుంది. నేడు హౌస్‌కీపింగ్ రంగం ‘తక్కువ తడి పద్ధతి’ అని పిలిచేది, అంటే తివాచీని నీటిలో ముంచకుండా కొద్దిపాటి ద్రావణంతోనే మురికిని వదిలించి, గంటా రెండు గంటల్లో మళ్లీ నడవడానికి వీలుగా ఆరబెట్టే విధానం, విదేశీ యంత్రాలతో వచ్చిన మాట నిజమే. దాని వెనుక ఉన్న ఆలోచన మాత్రం ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

అబుల్ ఫజల్ పదహారో శతాబ్దం చివర కూర్చిన ‘ఐనీ అక్బరీ’లో ఫరాష్‌ఖానాకు ప్రత్యేకంగా ఒక ప్రకరణం ఉంది. గుడారాలు, తెరలు, తివాచీలు, జంపఖానాలు భద్రపరచి, కావలసిన చోట పరిచి, పని ముగిశాక దులిపి చుట్టిపెట్టే రాచశాఖను ఫరాష్‌ఖానా అని, అందులోని పనివారిని ఫరాషులని అనేవారు. అక్బరు ఆగ్రా, ఫతేపూర్, లాహోర్ నగరాల్లో నేతగాళ్లను స్థిరపరచినా ఇరాన్‌లోని కిర్మాన్, సబ్జవార్ వంటి చోట్లనుంచి తివాచీల దిగుమతి సాగుతూనే ఉందని, ఇరవై గజాలకు పైగా పొడవు, ఆరు గజాలకు పైగా వెడల్పు ఉన్న ఒక్క గిలీముకు, అంటే కుచ్చు లేని ఉన్ని నేతకు, 1810 రూపాయలు ఖర్చయితే తెలిసినవారు దాని విలువను 2715 రూపాయలుగా కట్టారని ఆ గ్రంథం చెబుతుంది. పాదుషా ప్రయాణపు విడిదిలో వెయ్యిమంది ఫరాషులు, వందమంది నీళ్లు మోసేవారు, 150 మంది ఊడ్చేవారు ఉండేవారన్న వివరమూ అందులోనిదే. ఆ నీళ్లు మోసేవారిని తివాచీల కోసం నియమించలేదు కనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఏదో నిరూపించబోవడం తగదు. అయితే తివాచీల పని చూడడానికి ఒక శాఖ, ఒక వృత్తి, ఒక జీతపు వరుస ఉండేవని మాత్రం వాటివల్ల రూఢి అవుతుంది.

షాజహాను 1648లో రాజధానిని కొత్తగా కట్టిన షాజహానాబాదుకు, అంటే నేటి పాత ఢిల్లీకి, మార్చినప్పుడు ఈ శాఖా అక్కడికి చేరింది. లాల్‌కువాఁ దగ్గర ఫరాష్‌ఖానా అన్న పేటపేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఉత్తరాది ఇళ్లలో, కొలువుకూటాల్లో తివాచీ మీద ‘చాందినీ’ అనే తెల్లని నూలు దుప్పటి పరిచే ఆచారం ఉండేది. దీనిని అలంకారంగా మాత్రమే చూడడం పొరపాటు. మే, జూన్ నెలల్లో పడమటినుంచి వీచే ‘లూ’ అనే వడగాలి, ‘ఆంధీ’ అనే దుమ్ముతుఫాను తలుపులు మూసినా ఆగని సన్నని ఇసుకను గదుల్లోకి తెచ్చిపోసే ఊరిలో, ఉతకడానికి వీలులేని బరువైన ఉన్ని నేతకు బదులు ఉతకడానికి వీలైన పలుచని నూలుగుడ్డకు ఆ దుమ్మును పట్టించి, ఆ గుడ్డను చాకలికి వేయడమే చాందినీ చేసిన అసలు పని. మురికిని ఒక గుడ్డకు ఎక్కించి గుడ్డను వేరేచోట ఉతకాలన్న ఈ సూత్రం తరువాతి కాలపు యంత్రంలో మళ్లీ కనిపిస్తుంది. మిగిలిన సంరక్షణ అంతా పొడిదే. వేసవిలో తివాచీలను చుట్టి వేపాకుల మధ్య దాచడం, చలికాలం మొదట్లో బయటికి తీసి తిరగవేసి కర్రతో కొట్టి ఎండ చూపడం నేటికీ ఢిల్లీ ఇళ్లలో ఉన్న అలవాట్లు.

ఫరాషు అన్న హోదా సామ్రాజ్యంతో పోలేదు. వలస ప్రభుత్వపు కచేరీల్లోనూ, స్వతంత్ర భారత మంత్రిత్వ శాఖల్లోనూ అది నాలుగో తరగతి ఉద్యోగంగా కొనసాగి, ఆరవ కేంద్ర వేతన సంఘం 2008లో చేసిన సిఫారసుల తరువాత ప్యూను, దఫ్తరీ, చౌకీదారు వంటి హోదాలతో కలిసి ‘మల్టీ టాస్కింగ్ స్టాఫ్’ అన్న ఒకే పేరులో కరిగిపోయింది. అప్పటికి పెద్ద కార్యాలయాల్లో తివాచీ పని గుత్తేదారుల చేతికి, యంత్రాల చేతికి వెళ్లిపోయింది కూడా.

యంత్రాల కథ ఢిల్లీకి దూరంగా మొదలైంది. ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దపు గృహిణులు తడి టీ ఆకును తివాచీ మీద చల్లి, దుమ్ము దానికి అంటుకున్నాక ఊడ్చేవారు. 1861లో వచ్చిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథంలో ఈ పద్ధతి ఉంది. అమెరికాలో మెల్‌విల్ బిసెల్ 1876లో చక్రాలతో తిరిగే ఊడ్పు పెట్టెకు పేటెంటు పొందాడు. లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లో గాలిని పీల్చి దుమ్ము లాగే యంత్రాన్ని తయారుచేసి, మరుసటి ఏడాది ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మిన్‌స్టర్ అబేలోని తివాచీలను దానితో శుభ్రం చేసి పేరు పొందాడు. ఇవన్నీ పొడి దుమ్ముకు సమాధానాలు. నూనె, చెమట, ఆహారపు మరకలతో కలిసి పోగులకు అంటుకుపోయిన జిడ్డును ఇవి తీయలేవు.

జిడ్డు కోసం వచ్చిన రోటరీ యంత్రం అసలు తివాచీ కోసం పుట్టినదే కాదు. నిలువు పిడి కింద ఒక విద్యుత్ మోటారు, దాని కింద గేర్లపెట్టె, అన్నిటికంటే కింద గుండ్రంగా తిరిగే ఒకే ఒక పళ్లెం ఉండడం వల్ల ‘సింగిల్ డిస్క్’ అని పేరు పొందిన ఈ సాధనాన్ని చెక్క, పాలరాయి, మొజాయిక్ నేలలను రుద్ది మెరుగుపెట్టడానికి చేశారు. పిడికి ఒక తొట్టి తగిలించి, పళ్లెం స్థానంలో బ్రష్షు పెట్టి, సబ్బునీరు బ్రష్షు మధ్యనుంచి కారేలా చేయడంతో అది తివాచీ షాంపూ యంత్రం అయింది. పాతకాలపు సబ్బు పోగుల్లో మిగిలిపోయి, ఆరాక జిగటగా మారి కొత్త దుమ్మును మరింత త్వరగా పట్టుకునేది. రెండో ప్రపంచయుద్ధం తరువాత కృత్రిమ డిటర్జెంట్లు వచ్చి ఆ ఇబ్బందిని కొంత తగ్గించినా, తివాచీ అడుగుదాకా తడిసిపోవడం అనే పెద్ద దోషం అలాగే ఉండిపోయింది.

ఢిల్లీలో ఈ దోషం బరువు ఎక్కువ. 1956లో యునెస్కో మహాసభ కోసం అశోకా హోటలు, విజ్ఞాన్ భవన్ సిద్ధమయ్యాయి. 1982 ఆసియా క్రీడల చుట్టుపక్కల సంవత్సరాల్లో పెద్ద హోటళ్లు వరుసగా లేచాయి. హోటలు నడవాల్లోనూ సభామందిరాల్లోనూ గోడనుంచి గోడదాకా అతికించిన తివాచీని ఫరాషులాగా చుట్టి ఎండకు తీసుకుపోవడం కుదరదు. దాన్ని పరిచిన చోటే కడగాలి, పరిచిన చోటే ఆరబెట్టాలి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను తడి తెలియకుండానే పీల్చుకోగలదు. కింది నేతలోని నూలు తడిస్తే కుంచించుకుపోతుంది, జనపనార తడిస్తే గోధుమరంగు మరకలను పైకి తెస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలోనే చెమ్మ నిండి ఉండే వానకాలంలో, డిసెంబరు, జనవరి నెలల పొగమంచులో, కిటికీలు తెరవని ఎయిర్ కండిషన్డ్ గదిలో తడిసిన తివాచీ రోజుకు పైగా ఆరకుండా ఉండి ముక్కవాసన పట్టేది. పశ్చిమదేశాల్లో 1970ల నుంచి బలపడిన వేడినీటి పద్ధతి, అంటే వేడి ద్రావణాన్ని ఒత్తిడితో పోగుల్లోకి కొట్టి వెంటనే వాక్యూముతో వెనక్కి లాగడం, లోతైన మురికికి అన్నిటికంటే మేలైనదే. అయితే దానికి ధారాళంగా మెత్తని నీరు, ఆరడానికి సావకాశం ఉండాలి. ఈ ప్రాంతపు బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ కావడం వల్ల సబ్బు విరిగి తెల్లని మడ్డిగా పోగుల్లోనే మిగులుతుంది.

ఈ చిక్కుకు వచ్చిన సమాధానమే బోనెట్ పద్ధతి. పళ్లెం కింద బ్రష్షుకు బదులు ఒత్తయిన నూలు లేదా నూలు కలిసిన గుండ్రని మెత్తను పెట్టి, తివాచీ మీద ద్రావణాన్ని పలుచగా చిమ్మి, తిరిగే మెత్తతో తుడుస్తారు. మెత్త ఒకవైపు నల్లబడగానే తిరగవేసి, రెండోవైపూ నల్లబడ్డాక లాండ్రీకి పంపుతారు. అమెరికాలో 1977లో మొదలైన కెమ్‌డ్రై సంస్థ సోడాలోలాగా వాయువు నింపిన ద్రావణంతో దాదాపు ఇదే మార్గాన్ని వ్యాపారంగా విస్తరింపజేసింది. చాందినీ దుమ్మును ముందే అడ్డుకునేది, బోనెట్ పడిన మురికిని తరువాత ఎత్తుకుంటుంది. ఉతకవలసినది తివాచీ కాదు, గుడ్డ అన్న సూత్రం రెండింటిలోనూ ఒకటే.

ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలు కలిసిన ఎన్‌సీఆర్‌లో ఈ పద్ధతికి గిరాకీ పెంచినవి హోటళ్లకంటే కార్యాలయాలు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1997లో గుర్‌గావ్‌లో తన సేవాకేంద్రాన్ని ప్రారంభించాక, అమెరికా పగటివేళకు అనుగుణంగా రాత్రంతా పనిచేసే కార్యాలయాలు అక్కడా నోయిడాలోనూ పెరిగాయి. వాటి నేలలు చాలావరకు కార్పెట్ టైళ్లతో, అంటే సాధారణంగా 50 సెంటీమీటర్ల చదరాలుగా కోసి పక్కపక్కన పేర్చే నైలాను తివాచీ ముక్కలతో తయారయ్యాయి. వాటి కింద, ఎత్తి కట్టిన నేలలోపల, కరెంటు తీగలూ కంప్యూటరు తీగలూ ఉంటాయి గనుక అతుకుల్లోంచి నీరు దిగడం ప్రమాదం. ఒక షిఫ్టు లేచి మరొకటి కూర్చునే లోపు దొరికే కొద్ది గంటల్లో పని పూర్తయి, నేల ఆరిపోవాలి. ఇంత ఇరుకైన వ్యవధిలో వేడినీటి పద్ధతి ఏడాదికి ఒకటి రెండు సార్లకు పరిమితమై, నెలవారీ సంరక్షణ రోటరీ యంత్రానికి దక్కడం సహజం.

అయితే ఏ రోటరీ యంత్రం? ఇక్కడ వేగమే మొదటి గీటురాయి. పదిహేడు అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్ల పళ్లెం నిమిషానికి 175 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 4 మీటర్లు కదులుతుంది. రాతినేలకు మెరుగుపెట్టే బర్నిషర్ యంత్రం లాగా అదే పళ్లెం 1500 సార్లు తిరిగితే అంచు వేగం 34 మీటర్లకు చేరి, రాపిడి వేడికి 165 డిగ్రీల దగ్గరే కరిగే పాలీప్రొపిలీన్ పోగులు అతుక్కుపోతాయి. అందుకే తివాచీకి 150 నుంచి 180 తిరుగుళ్ల మధ్య నడిచే తక్కువ వేగపు యంత్రమే తగినది. భారతీయ హోటళ్లలో బాగా పరిచయమైన టాస్కి ఎర్గోడిస్క్ 165 పేరులోని అంకె ఈ వేగాన్నే తెలుపుతుంది. విద్యుత్తు సంగతీ చూడవలసినదే. అమెరికా యంత్రాలు 115 వోల్టుల, 60 హెర్ట్జ్‌ల విద్యుత్తుకు చేసినవి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి సరిచేసినా మన 50 హెర్ట్జ్‌ల విద్యుత్తు మీద ఇండక్షన్ మోటారు ఆరోవంతు మందగించి, 175 తిరుగుళ్లు 146 దాకా పడిపోతాయి, మోటారు వేడెక్కుతుంది. 230 వోల్టులకే రూపొందిన ఐరోపా యంత్రాలు, కోయంబత్తూరులోని రూట్స్ మల్టీక్లీన్ వంటి దేశీయ సంస్థల యంత్రాలు ఇక్కడ నిలదొక్కుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు.

బరువు గురించి కొనుగోలుదారుల్లో ఒక భ్రమ ఉంది. బరువైన యంత్రం ఎక్కువ శుభ్రం చేస్తుందని వారు అనుకుంటారు. నలభై కిలోలు దాటిన యంత్రం రాతినేల మీద మేలే చేసినా, తివాచీ మీద మెత్తను పోగులకు బిగించి యంత్రాన్ని పనివాడి చేతిలోంచి లాగేస్తుంది. పిడి కాస్త ఎత్తితే యంత్రం ఒకవైపుకు, దించితే రెండోవైపుకు నడుస్తుందన్న సూక్ష్మం చేతికి పట్టడానికి సాధన కావాలి. నెలనెలా మనుషులు మారిపోయే గుత్తపనిలో ఆ సాధనకు చోటు తక్కువ. గుండ్రంగా తిరిగే పళ్లెం కొత్త చేతిలో తివాచీ మీద వలయాకారపు జాడలు మిగులుస్తుంది. పళ్లెం తిరగకుండా చిన్నచిన్న వలయాలుగా అదిరే ఆర్బిటల్ యంత్రాలు, ఒకే పళ్లెం మీద మూడు బ్రష్షులు వేటికవి తిరిగే సైమెక్స్ వంటి యంత్రాలు ఆ జాడలను తగ్గించడానికి వచ్చినవే. వీటితో వాడే ఎన్‌క్యాప్సులేషన్ ద్రావణంలోని పాలిమర్ మురికి రేణువును చుట్టుకుని, ఆరాక పెళుసైన స్ఫటికంగా మారి, తరువాతి వాక్యూములో లేచిపోతుంది. బోనెట్ పోగుల పైభాగాన్నే తుడిచి అడుగు మురికిని వదిలేస్తుందన్న విమర్శ సరైనదే. దానినే ఏళ్లతరబడి నమ్ముకున్న కార్యాలయాల నేలలు త్వరగా పాడవుతాయి.

ఎన్‌సీఆర్‌లోనే ఉన్న పానిపట్‌లో, తివాచీల కేంద్రమైన భదోహీలో, నేసిన తివాచీని అమ్మకానికి ముందు వాలు నేల మీద పరిచి ధారాళంగా నీరు పోసి, పారల్లాంటి పనిముట్లతో నీటిని లాగి కడుగుతారు. తక్కువ తడి పద్ధతి తివాచీ కడగడానికి ఏకైక మార్గం కాదనడానికి ‘ధులాయి’ అనే ఈ కడుగుడు చాలు. కడిగే చోటు, ఆరబెట్టే ఎండ ఉన్నప్పుడు నీరే మేలు. 2023 మే 28న ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలోని రెండు సభలకు ఒబీటీ సంస్థ భదోహీ, మీర్జాపూర్ నేతగాళ్లతో చేతిముడుల తివాచీలను నేయించింది. అలాంటి నేతకు గానీ, ఏలూరు, వరంగల్ ఇళ్లలో మిగిలిన పాత ఉన్ని తివాచీలకు గానీ రోటరీ పళ్లెం తగదు. ముడులు వదులై, ఉన్ని ఉండలు కట్టి, అంచు కుచ్చులు యంత్రానికి చుట్టుకుపోతాయి.

గుర్‌గావ్, నోయిడా కార్యాలయాల్లోని నైలాను టైళ్లకు మాత్రం 43 సెంటీమీటర్ల, తక్కువ వేగపు, మధ్యస్థమైన బరువు గల రోటరీ యంత్రం సరిపోతుంది. దానికి ముందు రోజూ వాక్యూము, తరువాత ఏడాదికి ఒకసారైనా, ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉన్నప్పుడు, వేడినీటి కడుగుడు తప్పనిసరి. ఈ రెండూ చేయించలేని యాజమాన్యం ఎంత ఖరీదైన యంత్రం కొన్నా దండగే.