చేతులు కట్టుకోమన్న బడి

తరగతి మొదలైన రోజు మమ్మల్ని ముందుగా పేరు చెప్పమనలేదు. మీ కొండ ఏది, మీ ఏరు ఏది, మీ వాళ్లెవరు, ఆఖరున మీ పేరు. ఇక్కడి మూలవాసులైన మావొరీలు కొత్తవాళ్ల ముందు తమ గురించి చెప్పుకొనే వరస అది. పెపెహా అంటారు. న్యూజిలాండ్ బడుల్లో, ఆఫీసుల్లో ఇప్పుడు తెల్లవాళ్లూ ఆ పద్ధతి నేర్చుకుంటున్నారు. నా వంతు రాగానే సింగరకొండ అన్నాను, గుండ్లకమ్మ అన్నాను. మంచు కప్పుకున్న కొండలున్న దేశంలో మా అద్దంకి పక్కనున్న సింగరకొండను కొండ అని చెప్పుకోవడానికి కొంచెం మొహమాటపడ్డాను. ఎవరూ నవ్వలేదు. పక్కనున్నావిడ ఆ ఏట్లో చేపలుంటాయా అని అడిగింది. నీళ్లుంటే చేపలూ ఉంటాయన్నాను.

నేను చేరింది స్పెషలిస్ట్ టీచింగ్ అనే పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమాలో. మనం సహిత విద్య అంటున్నామే, దానికి టీచర్లను తయారుచేసే చదువు. ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లు చదవాలి. ఆటిజం, వినికిడి, చూపు, పసిపిల్లలకు తొలిసాయం, చదువులోనూ నడవడిలోనూ ఇబ్బందులు, ఆఖరికి తెలివి ఎక్కువై తరగతిలో ఇమడని పిల్లలు, ఇలా ఇందులో పాయలున్నాయి. ఒకటి ఎంచుకోవాలి. బుద్ధిపరీక్షలు, లక్షణాల పట్టికలు బట్టీపట్టాలి కాబోలనుకొని వెళ్లాను. అవీ వచ్చాయిగానీ తర్వాత వచ్చాయి. ముందు పెట్టింది చరిత్ర. అదీ తమ దేశం ఎవరెవర్ని బడి బయట నిలబెట్టిందో చెప్పే చరిత్ర. ఇంట్లో జరిగిన తప్పును వచ్చిన కోడలికి మొదటిరోజే చెప్పేసినట్టుంది నాకు.

బడి చదువు ఉచితం, తప్పనిసరి, మతంతో దానికి పనిలేదు అని ఈ దేశం 1877లో చట్టం చేసింది. మావొరీ పిల్లలకు పదేళ్ల ముందే, 1867లో, వేరే చట్టంతో వేరే బడులు పెట్టారు. అక్కడ చదువు ఇంగ్లీషులో. బడి ఆవరణలో తల్లిభాష నోట వస్తే దెబ్బలు తిన్న తరాలున్నాయి. తెలుగు మాట్లాడినందుకు మెడలో పలక వేయించుకున్న కాన్వెంటు పిల్లల సంగతి తెలిసిన మనకు ఇది కొత్తేమీ కాదు. నన్ను నిలబెట్టేసింది మాత్రం సమ్నర్.

క్రైస్ట్‌చర్చ్ నగరం అంచున సముద్రపొడ్డున ఉంటుంది సమ్నర్. 1880 మార్చిలో ప్రభుత్వం అక్కడ బధిరుల బడి తెరిచి, హాలెండ్‌లో పుట్టిన గెరిట్ వాన్ ఆష్‌ను దానికి పెద్దగా పెట్టింది. చెవిటి పిల్లలు ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకోవాలి, నోటితోనే పలకాలి, చేతులతో సైగ చేయకూడదు. ఇదీ ఆయన పద్ధతి. అదే ఏడాది సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద సభ జరిగి, సైగలను బడుల నుంచి వెళ్లగొట్టాలని తీర్మానించింది. సమ్నర్ ఆ తీర్మానం వచ్చేదాకా ఆగలేదు. దాదాపు నూరేళ్లు, 1979 వరకూ, ఆ నిషేధం నడిచింది. పగలు తరగతిలో అణిచిపెట్టుకున్న చేతులు హాస్టల్లో మాట్లాడుకొనేవి. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు నేర్పేవాళ్లు. టీచర్ల కన్నుగప్పి అలా పెరిగిందే న్యూజిలాండ్ సంజ్ఞాభాష. 1987లో మావొరీని అధికార భాష చేసిన ఈ దేశం 2006లో దీన్నీ అధికార భాష చేసింది. కొట్టి మాన్పించాలని చూసిన రెండు భాషలూ ఇప్పుడు చట్టంలో ఉన్నాయి.

ఆ పాఠం చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇక్కడికి రాకముందు మా జిల్లాలో కొన్నేళ్లు పాఠం చెప్పాను. మన తరగతిలో రోజుకు వందసార్లు వినబడే మాట ఏది? చేతులు కట్టుకో. నా దగ్గర మూడో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. సంతోషమొచ్చినా, భయమేసినా రెండు చేతులూ పిట్ట రెక్కల్లా ఆడించేవాడు. వాడి నోట మాట తక్కువ. ఆ చేతులే వాడి మాటలని నాకు తెలియదు. చేతులు కట్టుకోరా అని ఎన్నిసార్లు అన్నానో! వాళ్ల నాయనమ్మ పొద్దుటి నుంచి వేపచెట్టు కింద కూర్చునేది. మధ్యాహ్న భోజనం కాగానే, ఇక తీసుకెళ్లు మామ్మా, అనేదాన్ని. రిజిస్టర్లో మాత్రం వాడికి పూర్తి హాజరు పడేది. నేనే వేసేదాన్ని.

మళ్లీ ఈ దేశం దగ్గరికి వస్తాను. 1914 చట్టం మందబుద్ధి పిల్లలు కనబడితే తల్లిదండ్రులు, టీచర్లు, పోలీసులు సర్కారుకు తెలియజేయాలంది. 1917లో ఆక్లాండ్‌లో మొదటి ప్రత్యేక తరగతి పెట్టారు. 1939లో విద్యామంత్రి పీటర్ ఫ్రేజర్ ఒక ప్రకటన చేశాడు. దాన్ని రాసిపెట్టిన క్లారెన్స్ బీబీ తర్వాత విద్యాశాఖకు డైరెక్టరయ్యాడు. పేదా గొప్పా, పల్లే పట్నం తేడాలేకుండా ప్రతి మనిషికీ తనకు తగిన చదువు ఉచితంగా పొందే హక్కుందని ఆ ప్రకటన సారం. ఈ దేశపు విద్యకు అది గీత వంటిదని ఇప్పటికీ చెబుతారు. గొప్పదే, కాదనను. కానీ ఆ ‘తగిన’ అన్న మాటను పట్టి చూడండి. తగినదేదో ఎవరు తేల్చాలి? పిల్లాడికి ఏ చదువూ తగదని తేల్చేస్తే?

నేనుండే పామర్‌స్టన్ నార్త్ నుంచి వెల్లింగ్టన్ వెళ్లే దారిలో లెవిన్ అని చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి చివర ఇప్పుడు వృద్ధుల కోసం కట్టిన చక్కటి ఇళ్లున్నాయి. అంతకుముందు అక్కడ కింబర్లీ ఉండేది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను, పసిబిడ్డలతో సహా, వందలమందిని ఊరికి దూరంగా పెట్టిన ఆవాసం. అది మూతబడింది 2006లో. అంటే నిన్న మొన్న.

వెల్లింగ్టన్‌లో హాల్, మార్గరెట్ ఎనియన్ అనే దంపతులుండేవాళ్లు. వాళ్లబ్బాయికి డౌన్ సిండ్రోమ్. అలాంటి పిల్లల తల్లిదండ్రులను కూడగట్టి 1949లో సంఘం పెట్టారు. అదే ఇప్పటి ఐ.హెచ్.సి. మా బిడ్డలు మా ఇళ్లలోనే ఉంటారు, మా ఊళ్లోనే వాళ్లకు చదువు చెప్పండి అన్నది వాళ్ల కోరిక. ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. డాక్టర్ ఎయిట్‌కెన్ అధ్యక్షుడు. 1953లో ఆ కమిటీ సరిగ్గా తలకిందులుగా చెప్పింది. ఇలాంటి పిల్లలను అయిదేళ్లప్పటి నుంచి పెద్ద ఆవాసాల్లో ఉంచడమే మేలట. చదువుకున్న పెద్దమనుషులు అప్పటి జ్ఞానంతో, మంచి మనసుతోనే రాసి ఉంటారు. నాకు భయం వేసేదీ అందుకే. నేనూ ఇప్పుడు నిపుణురాలినయ్యే చదువే చదువుతున్నాను.

రాబర్ట్ మార్టిన్ 1957లో పుట్టాడు. కాన్పులో మెదడుకు దెబ్బ తగిలింది. 18 నెలల వయసులో కింబర్లీలో వేశారు. ఒళ్లో పెట్టుకొని లాలించేవాళ్లు లేని చోట ఆయన బాల్యం గడిచింది. పెద్దయ్యాక తనలాంటివాళ్ల తరఫున నోరు విప్పాడు. వికలాంగుల హక్కుల ఒప్పందం మీద ఐక్యరాజ్యసమితిలో చర్చలు జరిగినప్పుడు ఆయన అక్కడున్నాడు. ఆ చర్చలు ముగిసిన 2006లో సభాధ్యక్షుడు డాన్ మెకే, న్యూజిలాండ్ రాయబారి. కింబర్లీ తలుపులు మూసిందీ ఆ ఏడాదే! పదేళ్ల తర్వాత మార్టిన్ ఆ ఒప్పందం అమలును చూసే ఐక్యరాజ్యసమితి సంఘానికి ఎన్నికయ్యాడు. బుద్ధిమాంద్యం ఉన్న మనిషి అక్కడ కూర్చోవడం అదే మొదలు. 2020లో సర్ బిరుదిచ్చారు. 2024 ఏప్రిల్‌లో పోయాడు. ఆ జులైలో, ఇలాంటి చోట్ల జరిగిన హింసను విచారించిన రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. 1950 నుంచి 2019 దాకా ప్రభుత్వం, మతసంస్థల సంరక్షణలో ఉన్న పిల్లలూ పెద్దలూ సుమారు 2 లక్షలమంది హింసకో నిర్లక్ష్యానికో గురయ్యారని దాని అంచనా. నవంబరులో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. వినడానికి మార్టిన్ లేడు.

అందరికీ బడి తలుపు తెరిచింది 1989 విద్యాచట్టం. అందులో 8వ సెక్షన్ పొట్టిది. ప్రత్యేక అవసరాలున్నవాళ్లకూ మిగతావాళ్లతో సమానంగా సర్కారు బడిలో చేరే హక్కు, చదువుకొనే హక్కు ఉన్నాయంది. 1990 జనవరి నుంచి అమలు. అక్కడితో కథ కంచికి చేరిందనుకుంటే పొరపాటు. చేర్చుకొని, సాయం చేసే మనిషి లేడనో, పిల్లాడు అల్లరి చేస్తున్నాడనో, పదకొండింటికే తల్లికి ఫోన్ చేసి తీసుకెళ్లమన్న బడులున్నాయి. ఐ.హెచ్.సి. 2008లో ప్రభుత్వం మీదే మానవహక్కుల ఫిర్యాదు పెట్టింది. బడి తెరిచినంతసేపూ బడిలో ఉండే హక్కుందని 2020 చట్టం విడమరిచి రాయాల్సి వచ్చింది. ఎక్కువ అవసరాలున్న పిల్లలకు నిధులిచ్చే పథకం మొత్తం విద్యార్థుల్లో దాదాపు నూటికి ఒక్కరికే అందుతుంది. మిగతావాళ్ల కోసం తల్లులు కాగితాలు నింపుతూనే ఉంటారు. ప్రత్యేక బడులూ ఇంకా ఉన్నాయి. కావాలనే తల్లిదండ్రులున్నారు, మూసేయాలనేవాళ్లూ ఉన్నారు. ఈ తగువు తీరలేదు.

ఈ డిప్లొమా చదివినవాళ్లు చాలామంది బడుల మధ్య తిరిగే రిసోర్స్ టీచర్లవుతారు. ఒకే బడికి చెందరు. బడుల సమూహంలో ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్తారు. పిల్లాణ్ణి పక్కగదిలోకి తీసుకెళ్లి చదువు చెప్పడం వాళ్ల పని కాదు. తరగతి వెనక కూర్చొని ఆ టీచరు ఏం చేస్తుందో, ఏది మారిస్తే ఆ పిల్లాడు నిలబడతాడో చూస్తారు. బల్ల ఎక్కడుంది, గోల ఎంతుంది, టీచరు ఒక్కసారే నాలుగు సూచనలు చెబుతోందా? పిల్లాణ్ణి సరిచేయడం కన్నా టీచర్ను ఒప్పించడం కష్టం. టీచరుగా నాకు బాగా తెలుసు.

మాటల సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. ఆటిజానికి మావొరీలో మాట లేకపోతే కేరి ఓపాయ్ అనే భాషాకారుడు పుట్టించాడు, టాకివాటంగ అని. తన కాలంలో, తన చోటులో ఉండడమని భావం. మనం వికలాంగులను దివ్యాంగులన్నాం. ఆ మాట నాకు రుచించదు. దేవుణ్ణి చేసి గుమ్మం బయటే నిలబెట్టినట్టుంటుంది. సహిత విద్య అన్న మాటే నయం, అందులో తోడు ఉంది.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, ఇలాంటి పిల్లలకు దగ్గర్లోని బడిలో ఉచితంగా చదివే హక్కిచ్చింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, రిసోర్స్ టీచర్లున్నారు. టీచరమ్మలూ, అయ్యవార్లూ, ఒక పని చేయండి. రేపు మధ్యాహ్న భోజనం అయ్యాక రిజిస్టర్ తెరిచి, పేరుండీ బల్ల మీద లేని పిల్లలెవరో చూడండి. చెట్టు కింద ఎవరైనా కూర్చొని ఉంటే, లోపలికి పిలవండి.