గాజు తొట్టిలో రాతిపగడము

పగడమనగానే మనకు ఉంగరమున పొదిగిన ఎఱ్ఱని పూస జ్ఞప్తికి వచ్చును. నేటి ప్రసంగమునకు విషయమైన రాతిపగడము దానికి దూరపు చుట్టము మాత్రమే. సముద్రజలమున కరగియున్న సున్నపు ధాతువును గ్రహించి రాతిగూడు కట్టుకొను మెత్తని జంతువిది. అట్టి జీవులు తరతరములుగా కట్టిన గూళ్ల మీదనే లక్షద్వీపములు నిలిచియున్నవి. ఈ సముద్రజీవిని తీరమునకు దూరముగా, ఒక యింటి గదిలో బ్రతికింపవచ్చునని చూపిన తొలివారిలో ఒక గృహిణి కలదు. ఆమె లండనులోని వెస్ట్ మినిస్టర్ దేవాలయ మతాధికారి లార్డ్ జాన్ థిన్ భార్య, ఆనా థిన్.

1846వ సంవత్సరమున ఆమె ఇంగ్లండు దక్షిణతీరమందలి టార్కీ పట్టణమునుండి రాతిపగడములను లండనునకు తెచ్చెను. కదలిక లేని నీటిలో ప్రాణవాయువు తరిగిపోవును; కొలది దినములలోనే నీరు చెడి జీవులు నశించును. ప్రతిదినము సముద్రమునుండి క్రొత్తనీరు తెప్పించుట సాధ్యమా? అందుచే ఆమె తెఱచిన కిటికీ యెదుట నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి ధారగా పోయించెను. మన వంటయిండ్లలో వేడిపాలు చల్లార్చు పద్ధతియే యిది. దినమునకు అరగంట మొదలు ముప్పావు గంట వఱకు ఆ నీటిని తిరుగబోసినది ఆ యింటి పనిపిల్ల. ఆ పిల్లకు ఇదియొక వినోదముగా నుండెనని యజమానురాలు వ్రాసినది. పిల్ల పేరు మాత్రము చరిత్రలో నిలువలేదు.

1847లో ఆనా థిన్ టార్కీనుండి సముద్రపు నాచును తెప్పించి నీటిలో నుంచెను. వెలుతురు సోకిన నాచు ప్రాణవాయువును విడుచును గదా! పనిపిల్ల చేతులు చేయుచుండిన పనిలో కొంత నాచు చేయసాగినది. పగడములు బ్రతికి, సంతతిని కూడ పొందినవి. ఈ పరిశీలనలు అచ్చయినది 1859లో. ఆలోపల, 1853లో, లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలకొఱకు సముద్రజీవుల తొట్లు వెలసినవి. మఱుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ ప్రకటించిన గ్రంథముతో యింటింట అక్వేరియము పెట్టు వేడుక వ్యాపించినది. కీర్తియు ఆయననే వరించినది.

ఆనా థిన్ పెంచినది చల్లని సముద్రపు పగడము. దానికి ఆహారము దొరకిన చాలును. ఉష్ణమండల సముద్రములలో దిబ్బలు కట్టు పగడముల సంగతి వేఱు. వాని శరీరములో కంటికి కానరాని నాచు వసించి, సూర్యరశ్మితో ఆహారము వండి పెట్టుచుండును. వెలుతురులో ఆ పగడములు గూడు త్వరగా కట్టుననియు, చీకటిలో ఆ పని మందగించుననియు జమైకా ద్వీపమున థామస్ గోరో 1959లో కొలిచి చూపెను. 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్, సముద్రజీవులతో కూడిన రాళ్లు, ఎండ, గాలిబుడగలు, ఈ మూటితోనే తొట్టిని నడుపు విధమును ఒక అమెరికా పత్రికలో వివరించెను. తరువాతి దశాబ్దములలో ఐరోపాలోని అభిరుచిగలవారు తీక్ష్ణమైన దీపములను అమర్చిరి. పగడము వాడుకొనిన సున్నమును భర్తీచేయుటకు మనమెఱిగిన సున్నపుతేటనే తొట్టిలో పోసిరి.

ఇది కేవలము కాలక్షేపమనుకొనరాదు. 1998లో సముద్రము వేడెక్కి లక్షద్వీపములలోను, మన్నారు సింధుశాఖలోను పగడములు తెల్లబారి విస్తారముగా చచ్చినవి. తమలోని నాచును కోలుపోయిన పగడములు ఆకలిచే నశించును. సముద్రమున అరుదైపోయిన జాతులను తొట్లలో పెంచి వృద్ధిచేయు ప్రయత్నములు నేడు సాగుచున్నవి. ఫ్లారిడా అక్వేరియమునందు, లండనులోని హార్నిమన్ మ్యూజియము సహకారముతో, స్తంభాకార పగడము 2019 ఆగస్టులో తొట్టిలోనే సంతానబీజములను విడిచినది.

మన దేశమున దిబ్బలు కట్టు రాతిపగడములన్నియు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేరినవి. అనగా పులికి గల రక్షణయే వానికిని కలదు. సముద్రమునుండి వానిని తీయుటయు, విక్రయించుటయు నేరము. విహారమునకై ద్వీపములకు పోయినవారు గుర్తుగా ఒక ముక్కను తెచ్చుకొనుట తగదు. ఒక్క గిన్నెడు పగడమును బ్రతికించుటకు ఒక పనిపిల్ల దినదినము ఎంత నీరు తిరుగబోయవలసివచ్చెనో వినియున్నారు. ఆ పనిని సముద్రము తన అలలతో ఎవరి ఆజ్ఞయు లేక చేయుచున్నది.