సుత్తి కింద బొమ్మా బొరుసూ

కొలిమికి కాస్త ఎడంగా నిలబడు చిన్నా, వేడి కొడుతుంది. ఇది గాల్ దేశంలోని లుగ్డూనం, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్. రోమన్ చక్రవర్తి తిబేరియస్ ఏలుతున్న కాలం. క్రీ.శ. 14లో గద్దెనెక్కాడాయన. మనం ఉన్నది ఆయన టంకశాలలో.

ఒకడు పట్టకారుతో వెండి బిళ్ళని తీసి దాగలి మీద పెట్టబోతున్నాడు. ఈలోగా వంగి చూడు. దాగలిలో దిగేసిన అచ్చులో చక్రవర్తి ముఖం గుంటగా, తిరగేసి చెక్కి ఉంది. నాణెం మీద కుడివైపు చూసే ముక్కు ఇక్కడ ఎడమవైపుకి తిరిగింది. అక్షరాలూ అంతే, అన్నీ తిరగేసిన వరసే.

బిళ్ళ పడింది. రెండోవాడు దాని మీద ఇంకో అచ్చు నిలబెట్టి పట్టుకున్నాడు. మూడోవాడు సుత్తి ఎత్తాడు. వెనక్కి జరుగు!

ఠంగ్!

చల్లారింది, ఇక అరచేతిలో వేసుకో. దీన్ని దెనారియస్ అంటారు. మన రూపాయి బిళ్ళ కంటే చిన్నది, బరువు నాలుగు గ్రాములకి కొంచెం తక్కువ. బొమ్మ వైపు తలకి ఆకుల దండ కట్టుకున్న తిబేరియస్. బొరుసు వైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. అంచు తడుముతూ రా, ఎక్కడా సరైన గుండ్రం లేదు. ఒక పక్క అక్షరాలు సగానికి తెగిపోయాయి, పైఅచ్చు పట్టుకున్న చెయ్యి వెంట్రుకవాసి జరిగింది మరి. ఇలాంటి నాణేలంటేనే నాకు ప్రాణం. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

దీన్ని మారిస్తే 16 ఆస్‌లు వస్తాయి, అవి చిల్లర నాణేలు. సిపాయి జీతం ఏడాదికి 225 దెనారియస్‌లు. అందులోంచే తిండికీ బట్టకీ కోత పెడతారు.

ఈ వెండి ఎంత దూరం పోయిందో తెలుసా? ఈజిప్టులో, ఎర్రసముద్రపు రేవుల్లో ఓడలెక్కి, నైరుతి గాలి పట్టుకుని మన దేశం చేరింది, మిరియాలకీ ముత్యాలకీ బదులుగా. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1531 దెనారియస్‌లు దొరికాయి, తిబేరియస్‌వీ, ఆయనకి ముందటి చక్రవర్తి అగస్టస్‌వీ.

మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. లోపల కూడా అదే లోహమా అని చూశారా, లేక ఇక్కడ ఆ ముఖం చెల్లదని కొట్టేశారా? పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మ్యూజియంలో రోమన్ నాణెం కనబడితే ముందు ఆ చెంప మీద గాటుందేమో వెతుకు.