ఒక్క ఫోన్, ఒక్క మనిషి: గల్లీ జట్టుకు హైప్ వీడియో ఎలా తీయాలి?

టోర్నమెంట్‌కు ముందు జట్టు మీద ఊపు తెప్పించడానికి వదిలే నిమిషం లోపు వీడియోనే హైప్ వీడియో అంటారు. ఐపీఎల్ జట్లు కెమెరా బృందాలను, స్టూడియో లైట్లను పెట్టి చేయించుకునే పని ఇది. ఇప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కీ, రంజాన్ రాత్రుల్లో మ్యాచ్‌లు ఆడే గల్లీ క్రికెట్ జట్టుకీ అలాంటిదే కావాలి. ఆ బాధ్యత జట్టులో ఫోన్ కాస్త బాగున్న కుర్రాడి మీద పడుతుంది. చేతిలో రెండు వేలు, మిగిలింది రెండు సాయంత్రాలు. అయినా పని అవుతుంది.

మ్యాచ్ కాదు, ప్రాక్టీస్

ఒంటరిగా తీసేవాళ్లు చేసే పెద్ద పొరపాటు మ్యాచ్ రోజు ఫోన్ పట్టుకుని బౌండరీ చుట్టూ పరిగెత్తడం. సిక్సర్ ఎటు పోతుందో ఎవరికి తెలుసు? ఫోన్ జూమ్ అంత దూరం అందదు, అందినా బొమ్మ చెదిరిపోతుంది. ప్రాక్టీస్‌లో అయితే "భాయ్, ఆ యార్కర్ మళ్లీ వెయ్" అనొచ్చు. ఒకే బంతిని నాలుగు వైపుల నుంచి నాలుగుసార్లు తీస్తే, చూసేవాళ్లకు నాలుగు కెమెరాలు ఉన్నట్టే అనిపిస్తుంది.

లెక్క ముందే వేసుకోవాలి. 60 సెకన్ల వీడియోలో ఒక్కో షాట్ సగటున సెకనున్నర అనుకుంటే 40 షాట్లు కావాలి. అందులో సగం ఆట కూడా అక్కర్లేదు. లేసు బిగించే చేతులు, బ్యాట్ హ్యాండిల్‌కు చుట్టే గ్రిప్, చెమట పట్టిన ముఖం, జెర్సీ వెనక నంబర్. ఇవి దగ్గరి నుంచి తీసేవి, ఖర్చు లేనివి. బౌలర్ రనప్‌ను నేలకు అడుగు ఎత్తులో ఫోన్ పెట్టి తీస్తే మామూలు మట్టి గ్రౌండ్ కూడా స్టేడియంలా కనిపిస్తుంది.

సూర్యాస్తమయానికి ముందు గంట మంచి వెలుతురు. సూర్యుడు ఆటగాడి వెనక ఉంటే లేచే దుమ్ము కూడా మెరుస్తుంది. తీసే ముందు లెన్స్ తుడవాలి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. మంచి షాట్ మధ్యలో అమ్మీ ఫోన్ వస్తే అంతే సంగతులు.

ఫ్లడ్‌లైట్ల చిక్కు

సెకనుకు 120 ఫ్రేములతో తీసి 30 ఫ్రేముల వీడియోలో వేస్తే ఆట నాలుగు రెట్లు నెమ్మదిస్తుంది. పగలు ఇది అద్భుతంగా ఉంటుంది. రాత్రి మాత్రం దెబ్బ కొడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, స్లోమోషన్‌లో మాత్రం ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ వెలుగు ఎగిరెగిరి పడుతుంది. అందుకే స్లోమోషన్ పగలే ముగించుకోవాలి. రాత్రి షాట్లకు ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర ఆపితే మినుకు చాలావరకు పోతుంది.

డబ్బు శబ్దం మీద

ఉన్న రెండు వేలలో ఒక ట్రైపాడ్, ఒక కాలర్ మైక్ కొంటే చాలు. డ్రోన్ అద్దె ఆలోచన వదిలేయడం మంచిది, పక్క బిల్డింగ్ మిద్దె మీది నుంచి ఒక షాట్ తీస్తే సరిపోతుంది. శబ్దాలను విడిగా రికార్డ్ చేయాలి: బ్యాట్‌కు బంతి తగిలే చప్పుడు, పరుగెత్తే బూట్లు, గుంపుగా నిలబడి కెప్టెన్ చెప్పే రెండు మాటలు. వీడియోకు ప్రాణం పోసేవి ఇవే.

పాట దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. "ఐదు సెకన్లు వాడితే ఏం కాదు" అనేది ఒట్టి మాట, అలాంటి మినహాయింపు లేదు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ క్లెయిమ్ వస్తే ప్రకటనల ఆదాయం పాట హక్కుదారుకు పోవచ్చు, వీడియో బ్లాక్ కావచ్చు. కాపీరైట్ స్ట్రైక్ ఇంకా ప్రమాదం: 90 రోజుల్లో మూడు పడితే చానలే పోయే పరిస్థితి వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. నిమిషానికి 120 బీట్ల ట్రాక్ ఎంచుకుంటే అర సెకనుకో బీట్ పడుతుంది, మూడు బీట్లకో కట్ వేస్తే పైన చెప్పిన సెకనున్నర లెక్క సరిపోతుంది. ఎడిటింగ్‌కు ఫోన్‌లో వీఎన్, కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు.

ఎవరి ముఖం, ఎవరి అనుమతి

జట్టులో పిల్లలుంటే తీసే ముందే తల్లిదండ్రులను అడగాలి. అమ్మాయిల జట్టు అయితే ముఖం చూపించాలా వద్దా అన్నది వాళ్లదే నిర్ణయం. వద్దంటే చేతులు, బూట్లు, వెనక నుంచి తీసిన నడకతోనే వీడియో నిలబెట్టొచ్చు. అప్‌లోడ్ అయ్యాక వచ్చే గొడవ కన్నా ముందు అడగడం తేలిక.

పాత ఫొటోలు దొరికితే వదలొద్దు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన నగరం ఇది. అబ్బానో చాచానో అదే గ్రౌండ్‌లో ఆడిన నలుపు తెలుపు ఫొటో ఇంట్లో ఉంటే, దాని మీద నుంచి నేటి కుర్రాడి ముఖానికి కట్ చేయాలి. ఏ ఎఫెక్టూ దానికి సాటి రాదు.

పూర్తయిన వీడియోను ఇన్‌స్టాగ్రామ్‌కు నిలువుగా, 1080 బై 1920 సైజులో ఎక్స్‌పోర్ట్ చేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది.